చెరగని కాలిక్యులేటర్లు

పోయిన వారం మార్లిస్ కాంగస్‌ని కల్లియో హైస్కూలు జిమ్ములో, వరసగా వేసిన బల్లల మధ్య, చేతిలో ఎవరిదో కాలిక్యులేటర్‌తో నిలబెట్టి వదిలేశాం. ఆ ఉదయమే రాష్ట్రం పెట్టే లెక్కల పరీక్ష. అందులో గట్టెక్కితేనే పన్నెండో తరగతి పిల్లలకి డిప్లొమా. గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ తెచ్చుకోవచ్చు గానీ, లోపల దాచుకున్న ప్రోగ్రాములన్నీ టీచరు కళ్ళముందు చెరిపెయ్యాలని నిబంధన. పిల్లలంతా బుద్ధిమంతుల్లా మీటలు నొక్కారు. అందరి తెరల మీదా 'మెమరీ చెరిగింది' అన్న మాట ప్రత్యక్షమైంది. మార్లిస్ సంతోషించబోయి ఆగిపోయింది. తెరకి పైన కుడి మూలలో ఒక సన్నని గీత పాకుతోంది. ప్రోగ్రాం ఏదో నడుస్తున్నప్పుడే ఆ గీత కదులుతుంది. అంటే అది చెరిగిన తెర కాదు. చెరిగినట్టు నటిస్తున్న తెర. పక్క బల్ల మీదా అంతే. దాని పక్కనా అంతే. జిమ్ము మొత్తం అంతే.

"ఇది రాసిందెవరు?" అని ఆమె అడిగింది. టగ్ ప్రేబిల్ చెయ్యెత్తాడు. ఆ ఎత్తిన చెయ్యి ఇంకా దిగలేదు.

టగ్ హాకీ జట్టుకి గోల్‌కీపరు. తలుపంత మనిషి. రెండు భిన్నాలు కూడమంటే నీళ్ళు తాగొస్తానని లేచిపోయే రకం.

"నేనే రాశా, మిసెస్ కాంగస్. ఒక్కణ్ణే."

"ఓహో. అయితే చెప్పు. ఈ అక్షరాలని సరిగ్గా తెర మధ్యలో పడేలా ఎలా చేశావు?"

టగ్ జిమ్ము పైకప్పు వంక చూశాడు. బాస్కెట్‌బాల్ చట్రం వంక చూశాడు.

"నెమ్మదిగా," అన్నాడు చివరికి.

జిమ్ము గొల్లుమంది. మార్లిస్‌కి కూడా నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

"కూర్చోరా టగ్," అంది వెనక వరసలోంచి ఒక గొంతు. "అబద్ధమాడితే నీ చెవులు టమాటాలవుతాయి. ఇక్కడికి కనిపిస్తున్నాయి."

లేచి నిలబడింది కోరిన్ పూమలా. వాళ్ళ నాన్న గనిలో వేసుకునే కోటు, మెరుపు పట్టీలు కుట్టినది, చేతులు మడిచి తొడుక్కుని బడికొస్తుంది. ఇంటిపని ఏనాడూ తేలేదు. ఆమె మార్కుల పత్రం మీద 'శ్రద్ధ లేదు' అని మార్లిస్ స్వయంగా రాసి పంపింది.

"నేను రాశాను. అందరికీ తీగతో ఎక్కించింది కూడా నేనే. వాడికి ఈ సంగతేం తెలీదు. వాడికి వాడి పుట్టినరోజే గుర్తుండదు."

"జూన్‌లో వస్తుంది," అన్నాడు టగ్ నొచ్చుకుని.

అప్పుడు తెరుచుకుంది జిమ్ము తలుపు. వైస్ ప్రిన్సిపాల్ నార్మన్ హాగెన్ లోపలికొచ్చాడు. టై బిగించి ఉంది. మొహం అంతకంటే బిగుసుకుని ఉంది. తలుపు అవతల ఆయన ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు గానీ, వినాల్సిందంతా విన్నట్టే ఉన్నాడు.

"మార్లిస్, పెట్టెలు కట్టెయ్యి. పరీక్షా లేదు, గిరీక్షా లేదు. రాష్ట్రం ఆఫీసుకి ఫోన్ చేస్తున్నా. బడి మొత్తం ఫలితాలు రద్దు."

ఆ మాటకి జిమ్ములో నవ్వులన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. ముందు వరసలో డీనా స్విగెల్ అనే అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చిందని ఆ పిల్ల పోయిన వారమే టీచర్లందరికీ వాల్‌నట్ రొట్టె పంచింది. ఫలితాలు పోతే ఆ సీటూ పోతుంది.

మార్లిస్ హాగెన్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది. ఎందుకలా నిలబడిందో ఆమెకే తెలీదు. మోసమంటే ఆమెకి హాగెన్ కంటే ఎక్కువ మంట. కానీ డీనా చేతుల మీదుగా కళ్ళు చూశాక కాళ్ళు వాటంతటవే నడిచాయి.

"ఫోన్ చేసి ఏమని చెప్తారు నార్మన్? పరీక్షలో మోసం జరిగిందనా? పరీక్ష మొదలే కాలేదు కదా. మొదలవని పరీక్షలో మోసమెక్కడిది?"

హాగెన్ ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు.

"మాటలు బాగానే నేర్చావు."

"సరస్సు అవతలి బస్సు ఇంకా రాలేదు. రోడ్డంతా జారుగా ఉందట. అది వచ్చేదాకా ఎలాగూ మొదలుపెట్టలేం. అందాకా ఈ అమ్మాయితో నన్ను మాట్లాడనివ్వండి. మీరూ రండి."

*

జిమ్ము పక్కన హాకీ సామాను గది ఉంది. కర్రలు, మోకాలి తొడుగులు, ఏళ్ళ తరబడి ఆరని చెమట వాసన. మార్లిస్ లోపలికి నడిచింది. వెనక హాగెన్, ఆయన వెనక కోరిన్. చివర్లో పిలవకపోయినా టగ్.

"నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు హాగెన్.

"ఇది మా గదండీ," అన్నాడు టగ్ వినయంగా, మోకాలి తొడుగుల గుట్ట మీద కూర్చుంటూ.

హాగెన్ వాణ్ణి వదిలేసి కోరిన్ వైపు తిరిగాడు. "సూత్రాలు ఎక్కడ దాచావు?"

"ఏ సూత్రాలు?"

"అవే. త్రికోణాలవీ, గోళాలవీ. పరీక్షలో చూసి రాయడానికి."

"అవి ప్రశ్నపత్రం మొదటి పేజీలో వాళ్ళే అచ్చేసి ఇస్తారు కదండీ," అంది కోరిన్. "వాళ్ళిచ్చేవి మళ్ళీ నేనెందుకు దాచడం?"

హాగెన్ మార్లిస్ వంక చూశాడు. నిజమేనన్నట్టు మార్లిస్ తలూపింది.

"మరేం దాచావు?"

కోరిన్ కోటు జేబుల్లోకి చేతులు తోసి నేల చూస్తూ నిలబడింది. ఇంతసేపూ గట్టిగా ఉన్న పిల్లకి ఇప్పుడు సిగ్గు ముంచుకొచ్చింది. అది మార్లిస్ కనిపెట్టింది. దొరికిపోయిన దొంగ మొహం అలా ఉండదు. తాము వేసిన బొమ్మని ఎవరైనా చూపించమంటే పిల్లలు పెట్టే మొహం అది.

"సరస్సులు," అన్నాడు టగ్. "చూపించవే కోరిన్. ఎలాగూ మునిగాం."

కోరిన్ కాలిక్యులేటర్ తీసి మీటలు నొక్కి మార్లిస్ చేతిలో పెట్టింది.

బూడిదరంగు తెర మీద నల్లని చుక్కలతో గీసిన చిన్న ట్రక్కు. ముందు తెల్లని సరస్సు. అంచున చెట్లు. కింద ఒక వరస అక్షరాలు: మార్చి నెల. అవతలి ఒడ్డున విందుకి హాట్‌డిష్ వంటకం చేర్చాలి. మంచు పలచగా ఉంది.

"బాణం మీట నొక్కండి," అంది కోరిన్ లోగొంతుతో.

మార్లిస్ నొక్కింది. ట్రక్కు కదిలింది. కొంత దూరం పోగానే కింద గీతలు చిట్లాయి, ట్రక్కు బుడుంగున మునిగింది. 'హాట్‌డిష్ చేపలపాలు' అని తెర మీద వచ్చింది.

"మీరు సామానెక్కువ వేసుకున్నారండీ," అన్నాడు టగ్. "నేనైతే దుంగలు దింపేస్తా."

"ఆగు ఆగు. మంచు ఎక్కడ విరగాలో దీనికెలా తెలుసు?"

"మందాన్ని బట్టి," అంది కోరిన్. "మందం రెండింతలైతే మోసే బరువు రెండింతలు కాదు, నాలుగింతలు. మా నాన్న చెప్పాడు. క్లాసు పిల్లలందరి సరస్సుల్లోనూ అదే పెట్టాను."

ఆమె లోపలి ప్రోగ్రాం తెరిచి చూపించింది. మార్లిస్ ఒక్కో వరసే కిందికి జరుపుతూ చదివింది. చదువుతున్నకొద్దీ ఆమె వేలు నెమ్మదించింది. మందం వర్గం. దాన్ని ఒక సంఖ్యతో గుణించి బరువులోంచి తీసివెయ్యడం. సున్నా ఎక్కడొస్తుందో అక్కడ మంచు విరుగుతుంది. పోయిన నెల క్లాసు పరీక్షలో కోరిన్ ఖాళీగా వదిలేసిన లెక్క అచ్చంగా ఇదే.

"కోరిన్, ఇది వర్గ సమీకరణమే!"

"ఏమో. ఇది మంచు."

"నువ్వు నా పరీక్షలో తెల్లకాగితం ఇచ్చిన లెక్క ఇదే అమ్మాయ్!"

"మీ లెక్కలో మంచు లేదు కదా మిసెస్ కాంగస్," అంది కోరిన్. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "ఎక్స్ ఉంది. ఎక్స్ మునిగితే ఎవరికేంటి?"

'శ్రద్ధ లేదు' అని తను రాసి పంపిన రెండు మాటలు మార్లిస్‌కి గుర్తొచ్చాయి.

ఆ తర్వాత మాటలన్నీ టగ్ చెప్పాడు. ఒక్కో కాలిక్యులేటర్లో పట్టేది కొంచెమే. అందుకని ఒక్కొక్కరు ఒక్కో సరస్సు రాసుకున్నారు. తన సరస్సు దాటాక తీగ తగిలించి ట్రక్కుని పక్కవాడి కాలిక్యులేటర్లోకి పంపాలి. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టారు. ఇప్పుడు జిమ్ములో కూర్చున్న పిల్లల్లో చాలామంది చేతుల్లో కల్లియో ఊరు ముక్కలు ముక్కలుగా ఉంది. టగ్ రాసింది హాకీ మైదానం. మంచు విరగదు, తిరిగి తిరిగి గోలు మాత్రమే పడుతుంది. డీనా రాసింది ఆసుపత్రి ఒడ్డు.

"దీనిది మాత్రం సరస్సొక్కటే కాదు," అన్నాడు టగ్ కోరిన్‌ని చూపిస్తూ. "దాని అవతల ఏల్మా కాలనీ."

మార్లిస్ తలెత్తింది. గని తవ్వకం పెద్దదవుతూ వచ్చి, కంపెనీ వాళ్ళు ఏల్మా కాలనీ ఇళ్ళని ఒక్కొక్కటే ఎత్తి లారీల మీద పట్టుకుపోయినప్పుడు ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చూసింది. ఎత్తలేనివి కూలగొట్టారు. ఇప్పుడక్కడ ఎర్రటి గొయ్యి తప్ప ఏమీ లేదు. పూమలా వాళ్ళ ఇల్లు కూలగొట్టినవాటిలో ఒకటి.

"ఇంకెక్కడా లేదు కదా," అంది కోరిన్, తనలో తాను అనుకుంటున్నట్టు. "దీంట్లో మా వీధిలోకి ట్రక్కు పోతుంది. మా అవ్వ ఆవిరిస్నానం గదిలోంచి పొగ కూడా వస్తుంది. పొగ రాయడమే కష్టమైంది."

హాగెన్ ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"ఇటివ్వు," అన్నాడు హాగెన్.

ఆయన కాలిక్యులేటర్ అందుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, బాణం మీట నొక్కడం మొదలుపెట్టాడు. లోపల్లోపల ఏదో గొణుక్కుంటున్నాడు. సరస్సు దాటాడు. వంతెనెక్కాడు. ఎక్కగానే ట్రక్కు ఆగిపోయింది. దారికి అడ్డంగా చెట్టంత కొమ్ములతో ఒక మూస్ దుప్పి నిలబడి ఉంది.

"దీనికి టై ఎందుకుంది?" అన్నాడు హాగెన్.

టగ్ చెవులు టమాటాలైపోయాయి.

"ఎవరిని అడుగుతున్నా? దుప్పికి టై ఎందుకు?"

"చలికి," అన్నాడు టగ్.

హాగెన్ 'దారి వదులు' అన్న మీట నొక్కాడు. దుప్పి నోట్లోంచి మాటల బుడగ ఒకటి పైకి లేచింది. ఆయన దాన్ని పైకే చదివాడు. "'వచ్చే ఏడు చూద్దాం.'" మళ్ళీ నొక్కాడు. "'వచ్చే ఏడు చూద్దాం.'" ఇంకోసారి నొక్కాడు. దుప్పి మాట మార్చలేదు.

మార్లిస్ ఇక ఆపుకోలేకపోయింది. హాకీ కర్రల వైపు మొహం తిప్పుకుని, భుజాలు కుదిపేస్తూ, చప్పుడు చెయ్యకుండా నవ్వింది.

"ఇందులో నవ్వడానికేముంది మార్లిస్?"

"ఏమీ లేదు నార్మన్. కాలిక్యులేటర్లని కంప్యూటర్‌కి కలిపే తీగ కొనమని ఈ పిల్లలు మిమ్మల్ని అడిగారేమో, గుర్తుందా?"

హాగెన్ గుర్తు తెచ్చుకున్నాడు. అది ఆయన మొహంలో కనిపించింది. ఒకసారి కాదు, ఏటా అడిగారు. ఏటా ఆయన చెప్పింది ఒకటే మాట.

"ఆ తీగుంటే ఎప్పుడో కంప్యూటర్లో దాచుకునేవాళ్ళం," అంది కోరిన్. "ఈ దొంగ తెర రాయాల్సిన పనే ఉండేది కాదు. నాకూ సరదా కాదండీ. అదొక్కటే నేను రాసిన వాటిలో సిగ్గుపడేది. అయినా రాశాను."

హాగెన్ కాలిక్యులేటర్ తిరిగిచ్చేశాడు. టై సర్దుకోబోయి, చెయ్యి మధ్యలో ఆపేసుకున్నాడు.

"అయినా నిబంధన నిబంధనే," అన్నాడు. కానీ ఇందాకటి జోరు లేదు. "జిమ్ములోకి వచ్చే ప్రతి కాలిక్యులేటరూ చెరిపి తీరాలి. అందులో ఏముందో నాకనవసరం."

"ఇంకోసారి చెప్పండి," అంది మార్లిస్ చటుక్కున తిరిగి.

"చెరిపి తీరాలి."

"అది కాదు, ముందుమాట. జిమ్ములోకి వచ్చేవి. వచ్చేవే కదా? రానివి చెరపక్కర్లేదు కదా?"

*

ఆ తర్వాత జరిగింది కల్లియో హైస్కూల్లో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

సరస్సులన్నీ ఎక్కించి దాచడానికి, పరీక్షకి రాని కాలిక్యులేటర్లు కావాలి. మార్లిస్ తన సొంతది తెచ్చింది. రసాయన శాస్త్రం గదిలోవి వచ్చాయి. ఆఫీసులో గుమాస్తా డోనాలూ బల్ల మీద ఉన్నదాన్ని, ఆవిడ కాఫీకి వెళ్ళి వచ్చేలోగా డీనా పట్టుకొచ్చేసింది. వెనకాలే డోనాలూ కూడా వచ్చింది, కొట్లాడ్డానికి. సంగతి విని, "ఏల్మా కాలనీనా? మా చెల్లెలు ఉండేదక్కడ. దాని ఇల్లు కూడా ఉందా?" అని అడిగి అక్కడే నిలబడిపోయింది.

అయినా చాల్లేదు. సగం సరస్సులకి ఇంకా చోటు దొరకలేదు.

"మీ సొరుగు," అంది మార్లిస్ హాగెన్‌తో.

"ఏ సొరుగు?"

"నార్మన్!"

హాగెన్ సొరుగు బడిలో తెలియనివాళ్ళు లేరు. క్లాసులో ఆటలాడుతూ పట్టుబడ్డవన్నీ అందులోకే పోతాయి. యోయోలు, పేకముక్కలు, అన్నిటికంటే ఎక్కువగా కాలిక్యులేటర్లు. ఆయన వెళ్ళి సొరుగుకి సొరుగే పీకి, రొట్టెల పళ్ళెంలా రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. టై వీపు మీదికి ఎగిరి ఉంది.

"అరె! నాది!" అని అరిచాడు వెనక బల్ల కుర్రాడొకడు. "తొమ్మిదో తరగతిలో పోయింది, ఎవరో కొట్టేశారనుకున్నా!"

"నేనే కొట్టేశా," అన్నాడు హాగెన్. "తర్వాత తిట్టుకుందువు గాని, ముందు తీగ తగిలించు."

ఇక్కడ టగ్ ప్రేబిల్ తన అసలు విద్య చూపించాడు. లెక్కలు రాకపోవచ్చు, మైదానంలో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఇద్దరిద్దర్ని జతలు కట్టించాడు. ఉన్న కాసిని తీగలు చేతులు మారే వరస చెప్పాడు. ఖాళీ కాలిక్యులేటర్లో రెండు సరస్సులు పడతాయంటే ఇరుగుపొరుగు సరస్సుల్ని ఒక్కదాంట్లోకి తోయించాడు.

"ఆసుపత్రీ, హాకీ మైదానమూ ఒకే దాంట్లో పెట్టండి," అంది డీనా. "టగ్ ఆడితే ఎలాగూ మైదానం నుంచి ఆసుపత్రికే రావాలి."

"నేను కొట్టినవాళ్ళు రావాలి, నేను కాదు."

సరస్సు అవతలి బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినిపించేసరికి దాదాపు అన్నీ ఎక్కేశాయి. పిల్లలు తమ తమ కాలిక్యులేటర్లు పట్టుకుని బల్లల దగ్గరికి వెళ్ళారు. ఈసారి నిజంగా చెరిపారు. మార్లిస్ వరస వరసా తిరిగి చూసింది. ఏ తెర మీదా ఏ మూలా ఏ గీతా కదల్లేదు. ఎవరో ముక్కు చీదారు. ఇంకెవరో, "దాచాం కదరా, ఏడుస్తావేం," అన్నారు.

ఒక్కటి మిగిలిపోయింది.

హాకీ సామాను గదిలో కోరిన్ తన కాలిక్యులేటర్ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అందరివీ ఎక్కించింది తనే. అందరివీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో ఒక్కొక్కటే చూసిందీ తనే. చివరికొచ్చేసరికి చోటు అయిపోయింది. ఏల్మా కాలనీ మిగతావాటి కంటే రెండింతలు పెద్దది.

"నాది చెరిపేద్దాం," అన్నాడు టగ్ వెంటనే. "నా మైదానం నాలుగు గీతలూ ఒక హాకీ బిళ్ళా. సాయంత్రం మళ్ళీ రాసుకుంటా."

"నీది తీసినా నాది పట్టదురా. అయినా నీది తియ్యను. నీ గోలు పడే తీరు బాగుంటుంది."

కోరిన్ మార్లిస్ దగ్గరికి వచ్చి కాలిక్యులేటర్ చాచింది.

"దీన్ని మీ గదిలో బీరువాలో పెట్టండి. నేను పెన్సిల్‌తో రాస్తా."

"కోరిన్, ఆలోచించుకో. ఇది డిప్లొమా. చివర్లో గ్రాఫుల లెక్కలుంటాయి. అందరూ మీట నొక్కి చూసుకుంటారు. నువ్వు చేత్తో గీసుకోవాలి."

"గీస్తా."

"టైము చాలకపోతే?"

"మిసెస్ కాంగస్," అంది కోరిన్, "ఆ పొగ చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో మొదట కాగితం మీదే లెక్క వేసుకున్నా. ఒక్కో చుక్కా. ఎన్ని కాగితాలు పోయాయో మా అమ్మనడగండి. గ్రాఫంటే నాకు భయం లేదు. మీరు ఎక్స్ అన్నప్పుడల్లా నేను మంచు అనుకుంటా, అంతే."

మార్లిస్ ఆ కాలిక్యులేటర్ తీసుకుంది. వెచ్చగా ఉంది, ఇంతసేపూ ఆ పిల్ల గుప్పెట్లో ఉన్నందుకు. క్షమించమని అడగాలనిపించింది. కానీ టగ్ చూస్తున్నాడు, హాగెన్ చూస్తున్నాడు. అందుకని తన జుట్టులో గుచ్చుకున్న మంచి పెన్సిల్ తీసి కోరిన్ చేతికిచ్చింది.

"మొన బాగా చెక్కాను. గట్టిగా నొక్కకు."

"ట్రక్కు నడిపినట్టే కదా," అంది కోరిన్. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది. ముందుపళ్ళ మధ్య కొంచెం సందుంది. ఇన్నాళ్ళూ అది తాను చూడనేలేదని మార్లిస్‌కి తట్టింది.

*

జిమ్ములో అందరూ సర్దుకుని కూర్చున్నారు. గోడ పక్కన మడత కుర్చీ వేసుకుని డోనాలూ కూడా చేరింది. ఆవిడకి అక్కడ పనేమీ లేదు. వెళ్ళమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

హాగెన్ మైకు దగ్గర నిలబడి నిబంధనలు చదవడం మొదలుపెట్టాడు. టై మళ్ళీ ముందుకొచ్చి బుద్ధిగా వేలాడుతోంది. ఆయన గొంతులో ఇందాకటి ఉరుము లేదు. ఒక చోట, "కాలిక్యులేటర్లు" అన్న మాట దగ్గర, కొంచెం నవ్వాడేమో అనిపించేలా కూడా ఉంది. ఆయన మీద మార్లిస్‌కి మొదటిసారి ప్రేమలాంటిదేదో కలిగింది. సొరుగు మోసుకొచ్చిన మనిషిని ఎంతకాలం కోప్పడతాం?

ఆమె ప్రశ్నపత్రాల కట్ట చేత్తో పట్టుకుని వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కటే బల్లల మీద పెట్టుకుంటూ పోయింది. ప్రతి దాని అంచునా రాష్ట్రం ముద్ర ఉన్న కాగితం పట్టీ అంటించి ఉంది. తెరవమన్నాకే దాన్ని చింపాలి. ముందు వరస. మధ్య వరసలు. వెనక వరస. చివరిది కోరిన్‌కి ఇచ్చి, భుజం తట్టి వెనక్కి తిరిగింది.

ఆమె కోటు కొస ఎవరో పట్టుకు లాగారు.

"మిసెస్ కాంగస్." కోరిన్ గొంతు గుసగుసలా ఉంది. మొహంలో నవ్వు పోయింది. "నాది చింపేసి ఉంది."

మార్లిస్ వంగి చూసింది. అంచు పట్టీ నిలువునా కోసి ఉంది. చింపినట్టు కాదు, పదునైన దానితో జాగ్రత్తగా కోసి, మళ్ళీ కలిసినట్టు కనిపించేలా నొక్కినట్టుంది.

"అచ్చులో పొరపాటేమో. ఆగు, వేరేది..."

"లోపల చూడండి."

కోరిన్ వేలితో అట్ట కొంచెం ఎత్తింది. మొదటి లెక్క పక్కనున్న తెల్లని చోటంతా ఆకుపచ్చ సిరాతో నిండి ఉంది. చేసి ఉంది లెక్క. కింద జవాబు, దాని చుట్టూ గుండ్రంగా గీత. మార్లిస్ పేజీ తిప్పింది. రెండోదీ చేసి ఉంది. మూడోదీ. మధ్యలో కొన్ని తప్పులు కొట్టేసి, మళ్ళీ చేసి ఉన్నాయి. చివరి పేజీలోని గ్రాఫుల దాకా ఒక్క లెక్క వదలకుండా ఎవరో కూర్చుని ఓపిగ్గా పరీక్ష మొత్తం రాసేశారు.

"నేను కాదండీ," అంది కోరిన్. ఆ పిల్ల చేతులు బల్ల కిందికి దాక్కున్నాయి. "ఒట్టు. దొంగ తెర రాశాను గానీ ఇది నేను కాదు. ఎవరు నమ్ముతారు నన్ను ఇప్పుడు?"

మార్లిస్ ఏడు అంకె వంక చూస్తోంది. నడుముకి అడ్డంగా గీత గీసిన ఏడు. దాని పక్కన వాలిపోయిన నాలుగు. ఆకుపచ్చ సిరా. వారంలో రెండు మూడు సార్లయినా తన గది తలుపు కింద నుంచి లోపలికి జారి వచ్చే చీటీల మీద ఉండే చేతిరాత అది. బడిలో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే.

"...ప్రశ్నపత్రాన్ని గడువుకి ముందు తెరిచినట్టు తేలితే," మైకులో హాగెన్ చదువుతున్నాడు, "వారు ఎంతటివారైనా సరే..."

ఆయన పేజీ తిప్పడానికి తలెత్తాడు. జిమ్ము చివర, మెరుపు పట్టీల కోటు పక్కన, మార్లిస్ చేతిలో తెరిచి ఉన్నదేదో ఆయన కంట్లో పడింది.

చదవడం ఆగిపోయింది. ఆయన గుటక మింగిన చప్పుడు మైకులోంచి జిమ్ము నలుమూలలా స్పష్టంగా వినిపించింది.